ఏడో తారీఖున జీతం

(బాగ్‌లింగంపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ఎకనామిక్స్ బోధించి రిటైరైన ఒక లెక్చరర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, రండి. మొదటి వరుసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి, నేను రిటైరయ్యాను.

అయినా ఒకటి అడుగుతాను. మీలో ఎంతమంది ఇందిరా పార్కు దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కి వచ్చారు? చాలామందే వచ్చారు. ఆ బ్రిడ్జి పేరేమిటి? అదిగో, ఆ అన్న ఒక్కరే చెప్పారు. నాయిని నర్సింహారెడ్డి బ్రిడ్జి. 2023 ఆగస్టులో తెరిచారు. నాయిని అంటే తెలంగాణ తొలి హోం మంత్రి అని పిల్లలు చదువుకుంటారు. ఈ చుట్టుపక్కల పాతవాళ్లను అడగండి, వాళ్లు మంత్రి అనరు, యూనియన్ లీడరు అంటారు. వీఎస్‌టీ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల లీడరు. బ్రిడ్జి దిగేదీ వీఎస్‌టీ దగ్గరే.

ఆ బ్రిడ్జి మీద కారు కొంచెం నెమ్మదిగా పోనిస్తే, అంటే ట్రాఫిక్ వల్ల ఎలాగూ నెమ్మదిగానే పోతుందనుకోండి, కింద ఏమేం కనిపిస్తాయి? ఎక్కేచోట ధర్నా చౌక్. కాంట్రాక్టు లెక్చరర్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు టెంటు వేసుకుని కూర్చునే జాగా. తర్వాత అశోక్‌నగర్. గ్రూప్స్ కోచింగ్, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, అర్ధరాత్రి దాకా చదివే పిల్లలు. తర్వాత ఆర్టీసీ క్రాస్ రోడ్స్. ఆ తర్వాత సిగరెట్ ఫ్యాక్టరీ. ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్లు ఏమడుగుతారు? మమ్మల్ని పర్మనెంట్ చేయండి. అశోక్‌నగర్ పిల్లలు ఏళ్ల తరబడి దేనికోసం చదువుతున్నారు? పర్మనెంట్ ఉద్యోగం కోసం. ఈ ఫ్యాక్టరీ గేటు ముందు ఒకప్పుడు యూనియన్లు దేనికోసం కొట్లాడాయి? అదే, పర్మనెంట్ కోసం. ఒక్క బ్రిడ్జి పొడుగునా ఒకటే కోరిక.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే. ఈ ఊళ్లో మనుషులను పైవాళ్లు, కిందివాళ్లు అని విడదీసింది జీతం ఎంత అన్నది మాత్రమే కాదు. వచ్చే నెల జీతం వస్తుందా రాదా అన్నది. మేం కాలేజీలో ఆదాయ వర్గాల పట్టికలు చెప్పేవాళ్లం, అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం అని. మాకంటే పెళ్లిళ్ల పేరయ్య తెలివైనవాడు. జీతం ఎంతో తర్వాత అడిగేవాడు. ముందు అడిగేది, పిల్లోడిది పర్మనెంటేనా?

కొంచెం వెనక్కి వెళదాం. ఎక్కువ దూరం కాదు, కులీ కుతుబ్ షా దాకా లాక్కెళ్లను. 1874లో రైలు వచ్చింది, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు. 1908లో మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు ముఖ్యమైంది ఆ తర్వాతి కథ. 1916లో వజీర్ సుల్తాన్ పొగాకు వ్యాపారం, అదే మన వీఎస్‌టీ, 1920లో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, మనం డీబీఆర్ మిల్లు అంటాం కదా, అది. 1929లో నిజాం ప్రభుత్వం పరిశ్రమల కోసం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. అజామాబాద్‌లో ఫ్యాక్టరీల కోసం ప్రత్యేకంగా జాగా కేటాయించింది. 1942లో ఆల్విన్ ఫ్యాక్టరీ, 1943లో ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీ. జనం కూడా అలాగే పెరిగారు. 1931లో నగర జనాభా నాలుగున్నర లక్షలు దాటితే, 1951 లెక్కల్లో పది లక్షలు దాటింది. ఇరవై ఏళ్లలో రెట్టింపు.

ఎవరు వచ్చారు? నల్లగొండ, మెదక్, పాలమూరు పల్లెల నుంచి వచ్చారు. దొర దగ్గర వెట్టి చేసినవాళ్లు వచ్చారు. మగ్గం మూలపడ్డవాళ్లు వచ్చారు. ముషీరాబాద్, భోలక్‌పూర్, కవాడిగూడ, రాంనగర్, గోల్నాక, ఈ బస్తీలన్నీ ఆ మిల్లుల చుట్టూ, ఆ షిఫ్టుల చుట్టూ నిండిపోయాయి. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మఖ్దూం మొహియుద్దీన్ ఉద్యోగం వదిలేసి వీళ్ల మధ్యకు వచ్చాడు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ముందు మనం సెల్ఫీలు తీసుకుంటాం. ఆయన కవి అని తెలుసు. ఆ కవి ఫ్యాక్టరీ గేటు మీటింగుల్లో మాట్లాడేవాడని ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఏడో తారీఖు సంగతి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఒకటుండేది, 2025 నవంబరు దాకా. వెయ్యి మంది కంటే తక్కువ పనిచేసే ఫ్యాక్టరీలో ఏడో తారీఖు దాటకుండా జీతం ఇవ్వాల్సి ఉండేది, అంతకు మించితే పదో తారీఖు దాటకూడదు. బ్రిటిష్ ఇండియా చట్టం, సంస్థానం విలీనమయ్యాక ఇక్కడికీ వచ్చింది. చదివితే చాలా చప్పటి చట్టం. కానీ మా బస్తీని నడిపింది ఈ చట్టమే. ఎలాగంటారా?

మాది రాంనగర్. మా నాయన అజామాబాద్‌లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. మా గల్లీ మూల మీద ఒక కిరాణా దుకాణం ఉండేది. సేటు దగ్గర ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం, ఉద్దెర ఖాతా. ఇంటింటికీ ఒక పేజీ. మన దగ్గర దానికి జోడుగా ఒక చిన్న పుస్తకం. సామాను తెచ్చినప్పుడల్లా రెండింట్లోనూ రాయాలి. పుస్తకం మరిచిపోయి వెళితే సేటు సామాను ఇచ్చేవాడు కానీ, ‘రేపు పుస్తకం తే బేటీ’ అని ఒక చీటీ మీద రాసి, మేకుకు గుచ్చి పెట్టేవాడు. ఆ మేకు, దానికి వేలాడే చీటీలు నాకింకా కళ్ల ముందే ఉన్నాయి.

ఆ ఖాతాలో పేర్లు ఎలా ఉండేవో తెలుసా? మనిషి పేరు కాదు, ఇంటి పేరు అసలే కాదు. ఆల్విన్ అన్న. ఆర్టీసీ మామ. మిల్లు తాత. రైల్వే అక్క, అంటే వాళ్లాయన రైల్వేలో. మనిషి పేరుకు ముందు కంపెనీ పేరు. సేటుకు కావలసింది అదే మరి. ఏ కంపెనీ అంటే ఏ తారీఖు అని ఆయనకు నోటికి వచ్చు. ఆర్టీసీ వాళ్లకు ఎప్పుడు, మిల్లు వాళ్లకు ఎప్పుడు, ఎవరికి దసరా ముందు బోనస్ పడుతుంది, ఎవరి ఫ్యాక్టరీలో సమ్మె నోటీసు ఇచ్చారు, అన్నీ తెలుసు. సమ్మె నోటీసు సంగతి మాకంటే ముందు సేటుకే తెలిసేది!

మరి ఖాతా లేనివాళ్లు? మా గల్లీ వెనక బస్తీలో అడ్డా కూలీలు, రిక్షా తొక్కేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లకు ఏడో తారీఖు లేదు. కాబట్టి వాళ్లకు పేజీ లేదు. వాళ్లు పొద్దుగూకాక వచ్చేవాళ్లు, ఆ రోజు కూలి చేతిలో పడ్డాక. పావుకిలో బియ్యం, పొట్లంలో కారం, సీసాలో రెండు వేళ్లంత నూనె. నగదు. అదే బియ్యం మా అమ్మ నెలకు సరిపడా ఒకేసారి తెచ్చేది, ధర తక్కువ పడేది, పైసలు నెల తర్వాత కట్టేది. ఇప్పుడు చెప్పండి, కిలో బియ్యానికి ఎక్కువ పెట్టింది ఎవరు? లేనివాళ్లు. నగదు పెట్టి కొన్నదీ లేనివాళ్లే. నేను ఆ తర్వాత ఎకనామిక్స్‌లో చదివిందంతా ఆ దుకాణం ముందు నిలబడి ముందే చూశాను, అప్పుడు అర్థం కాలేదంతే.

జీతంలో తేడా ఎంతో కూడా చూడాలి. మంచి మేస్త్రీకి చేతినిండా పని దొరికిన నెలలో మా నాయన కంటే ఎక్కువే వచ్చేది. అయినా సేటు ఆ మేస్త్రీకి పేజీ ఇచ్చేవాడు కాదు. వానాకాలం రెండు వారాలు పని ఆగిపోతే ఏం చేస్తాడు? అందుకే అన్నాను, ఎంత వస్తుంది అన్నది కాదు, వస్తుందని ఎవరైనా నమ్ముతారా అన్నది. నమ్మకం ఉంటే ఉద్దెర దొరుకుతుంది. చిట్టీ వేసుకోనిస్తారు. ఇంటి ఓనరు అడ్వాన్సు తగ్గిస్తాడు. స్కూల్లో ఫీజు కోసం రెండు వారాలు ఆగుతారు. నమ్మకం లేకపోతే గిరిగిరి వడ్డీ. పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రం వెయ్యి తీసుకునే లెక్క. తోపుడు బండ్ల వాళ్లను అడగండి, ఇప్పటికీ ఉంది.

ఇక 1960లు. హైదరాబాదు ఇంకో ఊరైపోయింది. బాలానగర్‌లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, 1967లో ఈసీఐఎల్, ఆ వెనకే మిశ్రధాతు, బీడీఎల్, ఎన్ఎఫ్‌సీ. అన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. ఇప్పటికీ బస్సు మీద ‘ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్’ అని ఉంటుంది. ఐడీపీఎల్ మూతపడ్డా ఐడీపీఎల్ స్టాపు ఉంది. ఆల్విన్ లేదు, ఆల్విన్ కాలనీ ఉంది.

ఆ ఉద్యోగాలేమిటో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. క్వార్టర్, కంపెనీ బస్సు, సబ్సిడీ క్యాంటీన్, కంపెనీ ఆస్పత్రి, టౌన్‌షిప్ లోపలే స్కూలు. ఐటీఐ చదివిన ఫిట్టరు కొడుకు, ఆఫీసరు కొడుకు ఒకే స్కూల్లో, ఒకే బెంచీ మీద. అక్కడ చదివిన పిల్లలు ఇంజినీర్లయ్యారు. కొంతమంది అమెరికా వెళ్లారు. ఒక తరంలో కార్మిక కుటుంబం మధ్యతరగతి కుటుంబమైపోయింది. జీతం బ్రహ్మాండంగా ఉండి కాదు. ముప్పై ఏళ్లు ఆగకుండా వస్తుందని బ్యాంకుకు నమ్మకం, హౌసింగ్ సొసైటీకి నమ్మకం.

హౌసింగ్ బోర్డు అయితే ఇంకా నయం, ఎవరిది ఏ వర్గమో గేటు మీదే రాసి పెట్టింది. నవ్వుతున్నారు కానీ నిజమే కదా? ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ, అంటే అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం. ఈ బాగ్‌లింగంపల్లిలో ఉన్నాయి, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నిండా ఉన్నాయి. మనిషి అడ్రసు చెబుతూ ‘ఎల్ఐజీ ఫలానా నంబరు’ అంటాడు, అంటే మా నాయన ఆదాయం తక్కువ అని పోస్ట్‌మ్యాన్‌కు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు, అందరికీ చెబుతున్నట్టు. ఇప్పుడు తమాషా ఏమిటంటే, ఆ చిన్న ఎల్ఐజీ ఇల్లు కూలగొట్టి నాలుగంతస్తులు లేపి, కింద టిఫిన్ సెంటరు, పైన లేడీస్ హాస్టల్ పెట్టినవాళ్ల అద్దెలు ఒక ప్రొఫెసరు జీతానికి తీసిపోవు. గోడ మీద మాత్రం ఇంకా ఎల్ఐజీ అనే ఉంటుంది.

ఒక్క నిమిషం. ఇక్కడ నేను ఆగాలి. ఎందుకంటే ముందు వరుసలో రిటైరైన అన్నలు తలూపుతున్నారు, ఆ రోజులే వేరు అని. అన్నా, ఆ రోజులు మనకే వేరు. అందరికీ కాదు. పర్మనెంట్ అన్నది ఎప్పుడూ కొద్దిమందికే. అదే సమయంలో బేగంబజార్‌లో హమాలీ బస్తాకు ఇంత అని వీపు మీద మోశాడు. ఉస్మాన్‌గంజ్‌లో మోశాడు, మోండా మార్కెట్‌లో మోశాడు. పాతబస్తీలో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని అగర్‌బత్తీలు చుట్టారు, లాడ్‌బజార్‌కు లక్క గాజులు చేశారు, జర్దోజీ పని చేశారు. ఏ లెక్కలోనూ కార్మికులుగా ఎక్కలేదు. ఎందుకంటే వాళ్ల ఇంటికి గేటు లేదు, సైరన్ లేదు, హాజరు పట్టీ లేదు. ఫ్యాక్టరీ లోపల కూడా క్యాంటీన్‌లో ఎవరు, లోడింగ్‌లో ఎవరు, తోటలో ఎవరు, పాకీ పనిలో ఎవరు? కాంట్రాక్టు వాళ్లు. వాళ్లు ఏ కులం వాళ్లో నేను ప్రత్యేకంగా చెప్పాలా? 1970లో కాంట్రాక్టు లేబర్ చట్టం వచ్చింది. ఎప్పుడూ ఉండే పనిలో కాంట్రాక్టును రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అధికారం ఇచ్చింది, అంతే. మన యూనియన్లు కూడా పర్మనెంట్ వాళ్ల బోనస్ గురించి కొట్లాడినంతగా కాంట్రాక్టు వాళ్ల గురించి కొట్లాడలేదు. కోపం తెచ్చుకోకండి, నేను కూడా ఆ ఇంటి పిల్లనే, ఆ బోనస్ బట్టలు వేసుకున్నదాన్నే.

బోనస్ అంటే గుర్తొచ్చింది. 1965 చట్టం ప్రకారం తక్కువలో తక్కువ 8.33 శాతం, అంటే ఏడాదికి ఒక నెల జీతం. దసరా ముందు ఆ పైసలు పడగానే సుల్తాన్‌బజార్, అబిడ్స్, జనరల్ బజార్‌లలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఫ్యాక్టరీకీ బజారుకూ ఉన్న సంబంధం దసరాకు తెలిసేది. మిల్లు నడిస్తే చీరల దుకాణం నడుస్తుంది. చీరల దుకాణంలో గుమాస్తాకు మాత్రం బోనస్ ఎంత? సేటు దయ. మిఠాయి పొట్లం, వందో రెండొందలో.

సరే. తర్వాత ఏమైంది? 1990లు. డీబీఆర్ మిల్లు ఆగిపోయింది. ఐడీపీఎల్ ఖాయిలా పడింది. ఆల్విన్ ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం ఒకరికి, బండ్ల విభాగం ఇంకొకరికి. వీఆర్ఎస్ అన్నారు, అంటే పైసలు తీసుకుని ముందే రిటైరైపొమ్మని. వీఆర్ఎస్ పైసలతో ఏం చేశారు? బిడ్డ పెళ్లి చేశారు. ఆటో కొన్నారు. ఇంటి ముందు గదిలో ఎస్టీడీ బూత్ పెట్టారు, సెల్‌ఫోన్ వచ్చి అదీ పోయింది. కొంతమంది చిట్‌ఫండ్‌లో వేసి మునిగారు. అలా మిగిలినవాళ్లకు ఇప్పుడు పెన్షన్ ఎంత వస్తుందో తెలుసా? ఈపీఎస్-95 అనే ఉద్యోగుల పెన్షన్ పథకం కింద కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. 2014లో పెట్టిన వెయ్యి. ముప్పై ఏళ్లు మెషీన్ మీద నిలబడ్డ మనిషికి నెలకు వెయ్యి! బీపీ గోళీలకు, షుగర్ గోళీలకు చాలదు.

అదే ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి బయటికి వచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజినీర్లు జీడిమెట్ల, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు పెట్టారు, నడిపారు. హైదరాబాదు మందుల రాజధాని అని గొప్పగా చెప్పుకుంటాం, గొప్పే. ప్రభుత్వ ఫ్యాక్టరీ పోయింది, అది నేర్పిన పని మిగిలింది. పనితో పాటు పర్మనెంట్ మాత్రం రాలేదు. ఎక్కువ భాగం కాంట్రాక్టు. పటాన్‌చెరు చెరువులకు ఏమైందో అది వేరే సభ. నీళ్ల సంగతి ఎత్తితే ఈ రాత్రి ఇక్కడే తెల్లారుతుంది. 2009లో ఇదిగో ఈ పక్క భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. అది మరిచిపోకూడదని మాత్రం చెప్పి వదిలేస్తున్నాను.

1998లో సైబర్ టవర్స్. మీ పిల్లల్లో సగం మంది అటే ఉన్నారు కదా? వాళ్ల జీతం మా నాయన ఊహకు కూడా అందదు. కానీ ఒకటి గమనించండి. ఆ పిల్లవాడికి కోకాపేటలో ఫ్లాటు, ఇరవై ఐదేళ్ల లోను. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది కదా, ఆ భూమి ఖరీదు చివరికి ఎవరి ఈఎంఐలో కలుస్తుంది? ఉద్యోగానికి గ్యారంటీ మూడు నెలల నోటీస్ పీరియడ్. ప్రాజెక్టు అయిపోతే బెంచీ, అంటే పని లేకుండా కూర్చోబెడతారు. అందుకే లక్షలు సంపాదించేవాడికి రాత్రి నిద్ర పట్టదు, టెన్షన్. మా నాయనకు అప్పులుండేవి కానీ నిద్ర పట్టేది. ఐటీ పిల్లవాడు కార్మికుడా, మధ్యతరగతా, పైవర్గమా? మీరే చెప్పండి. నన్నడిగితే, సేటు ఖాతా స్థానంలో సిబిల్ స్కోరు వచ్చింది, అప్పు ఇవ్వొచ్చా లేదా అని బ్యాంకులు చూసే మార్కులు. ఆ స్కోరు బాగున్నంత వరకు ఆ పిల్లవాడు పైవర్గం. రెండు ఈఎంఐలు ఎగ్గొడితే తెలుస్తుంది.

ఆ పిల్లవాడి అపార్టుమెంటులోకి వెళదాం. సెల్లార్‌లో, కార్లు పెట్టేచోట ఒక చిన్న గది. వాచ్‌మన్ కుటుంబం. భార్య పైన నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది, మొగుడు కార్లు తుడుస్తాడు, పిల్లవాడు మెట్ల దగ్గర ఫోన్ టార్చి వేసుకుని హోంవర్క్ చేస్తాడు. ఇంకా పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అయితే గేటు దగ్గరే ఫోన్లో ఎంట్రీ, ఫొటో. పనమ్మ ఎన్నింటికి లోపలికి వచ్చింది, ఎన్నింటికి బయటికి వెళ్లింది, ఫ్లాటు ఓనరు ఫోనుకు మెసేజ్ వస్తుంది. నాకు ఇది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫ్యాక్టరీలో హాజరు పట్టీ ఉంటే, దాన్ని చూపించి నేను ఇన్నేళ్లు పనిచేశాను, నన్ను పర్మనెంట్ చెయ్యి అని కార్మికుడు లేబర్ కోర్టులో నిలబడేవాడు. పనమ్మ హాజరు ఇప్పుడు నిమిషాలతో సహా కంపెనీ సర్వర్‌లో ఉంది. దాన్ని పట్టుకుని ఆమె ఏ కోర్టుకు వెళ్లగలదు? పీఎఫ్ ఉందా? ఈఎస్ఐ ఉందా? సనత్‌నగర్‌లో అంత పెద్ద ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది, ఆ గేటులోకి ఆమెకు కార్డు లేదు. లెక్క ఉంది, హక్కు లేదు.

ఆమె బోరబండ నుంచో, జగద్గిరిగుట్ట నుంచో వస్తుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది కదా. ఆటోలకు నష్టమనీ, బస్సులో మగవాళ్లకు సీటు దొరకడం లేదనీ విమర్శలున్నాయి, నాకు తెలుసు. కానీ పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కి చూడండి. జీరో టికెట్ చేతిలో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను అడగండి, మిగిలిన పైసలు ఏం చేస్తున్నావక్కా అని. నేను అడిగాను. ఒకామె చెప్పింది, ‘ఇంతకుముందు బస్సు కిరాయికి భయపడి దగ్గరి ఇండ్లల్లనే తక్కువకు చేసేదాన్ని మేడం, ఇప్పుడు దూరం పోతున్న, రెండు వేలు ఎక్కువిస్తున్నరు’ అని. టికెట్టు డబ్బులు మిగలడం ఒక లాభం. బేరం ఆడే శక్తి రావడం ఇంకా పెద్ద లాభం. ఇది నా పాఠ్యపుస్తకంలో లేదు.

ఇక ఆ అపార్టుమెంటు కట్టినవాళ్లు. ఒకప్పుడు పాలమూరు లేబర్ దేశమంతా వెళ్లి ప్రాజెక్టులు కట్టారు. ఇప్పుడు మన దగ్గర ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు. సైటు పక్కనే రేకుల గదులు, సైటు అయిపోగానే గదులు విప్పేస్తారు, మనుషులు ఇంకో సైటుకు. మనకు వాళ్లు కనబడరు. ఒక్కసారి కనబడ్డారు. 2020 లాక్‌డౌన్‌లో. వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది ఎక్కడి నుంచి వెళ్లిందో తెలుసా? మన లింగంపల్లి నుంచి, జార్ఖండ్‌లోని హటియాకు. దాదాపు 1,200 మంది. ఏ తారీఖు? మే ఒకటి. మే డే నాడు! కావాలని పెట్టారో, అలా కుదిరిందో. పక్కనే బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్, ఏటా అక్కడ జెండా ఎగరేస్తారు. ఆ రోజు కార్మికులకు ఈ నగరం ఇచ్చిన బహుమానం, ఇంటికి వెళ్లిపోవడానికి ఒక రైలు.

డెలివరీ పిల్లల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే హాల్లో ముగ్గురు నలుగురు ఆ టీషర్టులతోనే వచ్చారు, వాళ్లు మాట్లాడితేనే బాగుంటుంది. ఒక్కటి మాత్రం. 2020లో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మొదటిసారి గిగ్ వర్కర్, ప్లాట్‌ఫాం వర్కర్ అని చట్టంలో రాసింది. రాసింది ఎలా? యజమాని, ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాళ్లు అని. అంటే నిన్ను గుర్తించాను, కానీ నీకు యజమాని లేడు అని. మరి రేటింగ్ తగ్గితే ఐడీ బ్లాక్ చేసేది ఎవరు తమ్ముడూ? యజమాని లేకపోతే బ్లాక్ చేసింది దేవుడా?

నగర పరిధిలో గుర్తించినవీ గుర్తించనివీ కలిపి 1,476 బస్తీలు ఉన్నాయని కార్పొరేషన్ లెక్క. ఎప్పటి లెక్కో అది, ఇప్పటికీ అదే చెబుతారు. ఆ బస్తీలకూ పక్కనున్న ఫ్యాక్టరీలకూ ఒక సంబంధం ఉండేది, నడిచి పనికి వెళ్లి మధ్యాహ్నం ఇంటికొచ్చి తినేంత దగ్గర. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడల భూములను ఇళ్లకు, వ్యాపారానికి మార్చుకోవచ్చని 2025 నవంబరులో ప్రభుత్వం విధానం తెచ్చింది. కాలుష్యం తగ్గుతుందంటున్నారు. తగ్గాలి కూడా, జీడిమెట్లలో ఉన్నవాళ్లకు తెలుసు ఆ వాసన. నా ప్రశ్న ఒక్కటే. ఆ ఫ్యాక్టరీకి నడిచి వెళ్లేవాడు రేపు ఎంత దూరం వెళ్లాలి, ఏ బస్సులో? భూమి విలువ లెక్కగట్టే ఫైల్‌లో ఆ బస్సు కిరాయికి ఒక గడి ఉందా?

టైం అయిపోయిందని చేయి చూపిస్తున్నారు. ఒక్క పని అడిగి ముగిస్తాను. మీ ఇళ్లలో అటక మీద, ట్రంకు పెట్టెలో పాత కాగితాలు ఉంటాయి. నాయనల జీతం స్లిప్పులు, ఈఎస్ఐ కార్డులు, యూనియన్ చందా రసీదులు, సొసైటీ పాసుపుస్తకాలు, కిరాణా ఖాతా పుస్తకాలు. ఇల్లు అమ్మేటప్పుడు ముందు పారేసేవి అవే. పారేయకండి. మేం కొద్దిమంది వాటిని ఫొటోలు తీసి జాగ్రత్త చేస్తున్నాం. అసలు కాగితం మీ దగ్గరే ఉంటుంది, తీసుకోం. పనమ్మల దగ్గర, సైటు కూలీల దగ్గర ఏ కాగితమూ ఉండదు కాబట్టి వాళ్లతో మాట్లాడి రికార్డు చేస్తున్నాం. ఉర్దూ, హిందీ, ఒడియా వచ్చినవాళ్లు కావాలి. బయట టేబుల్ దగ్గర పుస్తకం పెట్టాం, పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి.

ఇప్పుడు ప్రశ్నలు. ముందు ఆ డెలివరీ తమ్ముళ్లను మాట్లాడనిద్దాం, వాళ్లకు డ్యూటీ టైం అవుతోంది.